బడే సాహెబ్‌కు నయమైన సంగతి

రెండువేల అయిదు మార్చిలో, దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఒక కార్మికుల భోజనశాలకు టైల్స్ పని నడుస్తోంది. జానీ బాషా మేస్త్రి పొద్దున్నే వచ్చి, ముందురోజు తన మనుషులు ముగించిన గోడకు ఎదురుగా నిలబడ్డాడు. కాసేపు చూశాడు. తాపీ పిడితో ఒక టైలును టకటకా కొట్టి, "పీకండి" అన్నాడు.

"ఏంది పీకేది?" అన్నాడు పీరా. ఇరవై ఏళ్లుగా జానీ బాషాకు కుడిచెయ్యి అతను.

"ఐదో వరస. నడిమధ్య కడుపు దిగిపోయుండాది. గుడ్డోడిక్కూడా కనపడతాది. పీకండి, యల్లా!"

పీరా గోడ ఈ చివరి నుంచి ఆ చివరికి దారం లాగించాడు. రసమట్టం తెచ్చి ఆనించాడు. "బుడగ చూడన్నా, పెళ్లికొడుకు మాదిరి నడిమధ్యలో కూర్చోనుండాది. దిగింది గోడ కడుపు కాదు, నీ అద్దాల నంబరు."

పనివాళ్లు నవ్వారు. జానీ బాషా నవ్వలేదు. పీకించాడు. మళ్లీ పెట్టించాడు. మధ్యాహ్నానికి వరస పూర్తయింది. మళ్లీ అక్కడే, అదే చోట, గీత కిందికి జారినట్టు కనిపించింది. ఈసారి ఎవరినీ పిలవలేదు. వేలితో సందు వెంబడి తడుముకుంటూ పోయాడు. వేలు తిన్నగా ఉందంది. కన్ను వంకరంది. తల కొంచెం ఎడమకు తిప్పాడు. వంకర కూడా ఎడమకు జరిగింది. కుడికి తిప్పితే కుడికి వచ్చింది.

అంటే వంకర గోడలో లేదు. తనతోపాటు తిరుగుతోంది.

యాభై ఏడేళ్ల మనిషి తాపీ కింద పెట్టేశాడు. ఎందుకంటే ఈ వంకర మాట అతను ఇంతకుముందు విన్నాడు. "దూలం కుంగిందిరా జానీ, ఇల్లు కూలతాదేమో చూడరా" అని తన తండ్రి బడే సాహెబ్ ముప్పై ఎనిమిదేళ్ల కిందట, తిన్నగా ఉన్న దూలాన్ని చూసి అన్నాడు. ఆయన కథ అక్కడే మొదలైంది.

జానీ బాషా అంటే ఆషామాషీ మనిషి కాదు. ఉదయగిరి పక్కన ఒక పల్లెలో దూదేకుల ఇంట పుట్టాడు. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఐదో తరగతి దాకా చదివాడు. అంతే చదువు, కానీ ఇరవయ్యో ఎక్కం వెనక్కీ ముందుకీ అప్పజెప్పగలడు. పందొమ్మిదివందల డెబ్బయ్ ఎనిమిదిలో బొంబాయి మీదుగా దుబాయ్ దిగాడు. మొదటి ఏడాది సిమెంటు మోశాడు. మూడో ఏడాదికి మేస్త్రి అయ్యాడు. షార్జాలో మూడు మసీదులకు గచ్చు పరిచాడు. ఒక ఆసుపత్రిలో తొంభై గజాల వరండా వేసినప్పుడు, ఈజిప్టు నుంచి వచ్చిన మిసిరి ఇంజనీరు ఈ మూల బకెట్టు నీళ్లు పోసి ఆ మూల నీళ్లు పోయే గొట్టం దగ్గర నిలబడ్డాడు. నీళ్లన్నీ పిలిచినట్టు ఆయన కాళ్ల దగ్గరికే వచ్చాయి. అప్పుడాయన అందరి ముందూ ఇతని చెయ్యి పట్టుకుని ఊపాడు. జానీ బాషా ఊరివాళ్లను ఇరవై ఆరుగురిని వీసాల మీద రప్పించాడు. పెద్దకూతురు ఫర్జానాను డిగ్రీ దాకా చదివించాడు, వాళ్ల వీధిలో అది మొదటి డిగ్రీ.

దుబాయ్ అంచున అల్ వర్సాన్‌లో వాళ్లుండే గదిలో ప్రతి శుక్రవారం భోజనాలయ్యాక ఇవన్నీ వరసగా చెప్పేవాడు. కొత్తగా వచ్చినవాళ్లు నోళ్లు తెరుచుకుని వినేవారు, పాతవాళ్లు కునికిపాట్లు పడేవారు. అన్నిటికన్నా చివర, గొంతు తగ్గించి ఒకటి చెప్పేవాడు. అదే తను చేసిన పనులన్నిటిలోకీ పెద్దదని అతని నమ్మకం. "మా నాయనకి సైతాను పట్టింది. ఊరంతా వదిలేశారు. నేను వదల్లా. దర్గాకి తీసకపోయి నయం చేయించినా. కొడుకంటే అదీ."

జరిగింది ఇది. బడే సాహెబ్ దూది ఏకి పరుపులు కుట్టేవాడు. యాభై దాటాక ఆయనకు దూలాలు, ద్వారబంధాలు వంగినట్టు కనిపించసాగాయి. రెండు మూడేళ్లకు మనుషుల ముఖాలు తెలియకుండా పోయాయి. ఎదురుగా నిలబడి పలకరిస్తే, మనిషి ముఖంలోకి చూడకుండా చెవి పక్కకు చూస్తూ, "ఎవరది?" అనేవాడు. ఆ తరువాత, జానెడేసి ఆడవాళ్లు పచ్చబట్టలు కట్టుకుని వచ్చి ఇంట్లో కూర్చుంటున్నారనీ, వాళ్లకు ముఖాలు లేవనీ చెప్పడం మొదలుపెట్టాడు. ఊళ్లో పెద్దలు తేల్చేశారు: కళ్లలోకి చూడలేనివాడి లోపల ఇంకెవరో ఉన్నారు, వాడు చూడనివ్వడు. ఇరవై మూడేళ్ల జానీ బాషా అది నమ్మాడు. తండ్రిని బండెక్కించి దూరాన ఉన్న దర్గాకు తీసుకుపోయి, తన చేత్తోనే స్తంభానికి గొలుసు వేశాడు. దర్గా చూసుకునే ముజావరు చెప్పిన లెక్క నలభై దినాలు. మధ్య మధ్య పోయి, మాట్లాడకుండా ఎదురుగా నిలబడేవాడు, గుర్తుపడతాడేమోనని. బడే సాహెబ్ అతని చెవి పక్కకు చూస్తూ, "ఎవరది? జానీ వచ్చినాడా?" అని అడిగేవాడు. కన్నకొడుకు ఎదురుగా ఉంటే గుర్తుపట్టకపోవడమా! సైతాను ఇంకా వదల్లేదని జానీ బాషా వెనక్కి తిరిగి వచ్చేసేవాడు. నలభయ్యో నాడు ఆయన, "ఇప్పుడేం కనపడలా. ఇంటికి పోదాం పా" అన్నాడు. అంతే, నయమైంది. మరి ఆరేళ్లు బతికాడు, ఒక్కనాడూ ఆ ఊసెత్తలేదు.

ఇప్పుడు ఆ వంకర గీత తన కంట్లోకి వచ్చి కూర్చుంది. అద్దం ముందు గడ్డం దువ్వుకుంటుంటే ముక్కు దగ్గర ముఖం మసకేసినట్టుండేది. అది సైతానే అయితే తనను ఏ స్తంభానికి కట్టాలి? కాకపోతే, అప్పుడు కట్టింది ఎవరిని? ఈ రెండో ప్రశ్న వచ్చినప్పుడల్లా లేచి ఏదో ఒక పనిలో పడేవాడు.

పీరా బలవంతం మీద ఒక ఆసుపత్రికి వెళ్లాడు. కంటి డాక్టరు షహర్బాను హైదరాబాదు మనిషి, నలభై లోపు వయసు. మందు చుక్కలు వేసింది. చేతి నరంలోకి పసుపుపచ్చ మందు ఎక్కించి, కంటి లోపలి ఫోటోలు వరసగా తీయించింది. చీకటిగదిలో కూర్చోబెట్టి, అటూ ఇటూ వెలిగే ఎర్ర దీపాల వెంట కళ్లు తిప్పించింది. సాయంత్రానికి జానీ బాషా ఒళ్లు పసుపు రాసుకున్నట్టయింది.

"చాచా, ఇటు రాండ్రి. ఇది మీ కుడి కన్ను, ఇది ఎడమది" అని తెర మీద చూపించింది డాక్టరమ్మ. ఎర్రటి నేల మీద, సరిగ్గా నడుమ, రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలా పసుపు మచ్చ ఉంది. రెండో కంట్లోనూ అదే. "కంటి వెనకాల పరద ఉంటది. చూపంతా దాని నడుమనే. ఆ పరద కింద చెత్త ఎత్తిపోసే పొర ఒకటి ఉంటది. అది సరిగ్గ పని చేయకుంటే చెత్త ఇట్ల ముగ్గేసినట్టు పేరుకుంటది. వయసు మచ్చలు కూడా ఉంటయి, కానీ రెండు కళ్లల్ల ఇంత ఒక్క తీరుగ ఉండుడు తక్కువ. నాకైతే ఇది ఇంట్లకెల్లి వచ్చిందనిపిస్తది. మీ అబ్బాకు గిట్ల ఉండెనా?"

"మా నాయన కళ్లు బ్రహ్మాండం" అన్నాడు జానీ బాషా. అబద్ధమనిపించలేదు. నయమైన మనిషి గదా.

"అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లు ఎవరన్న ఈడున్నరా? వాళ్ల కండ్లు చూస్తే తెలుస్తది."

"చెల్లెలు దూరాన అరబ్బుల ఇంట్లో ఉండాది, పంపరు. తమ్ముడు ఉండాడు. బయటే కూర్చోనుండాడు."

పీరాను లోపలికి పిలిచాడు. పీరా పుట్టిన మూడోనాడు అతని తల్లి పోయింది. అప్పటికి జానీ బాషా చెల్లెలు రహీమాబీ నెలల పిల్ల. జానీ బాషా తల్లి ఒక పక్క కూతురికీ ఒక పక్క పీరాకూ పాలిచ్చి పెంచింది. పాలు తాగినవాడు కొడుకే. జానీ బాషా ఇంటి ఆడవాళ్లు పీరా ముందు ముసుగు వేసుకోరు. రెండిళ్ల మధ్య సంబంధం కలుపుకోవడం హరాం. అలాంటప్పుడు తమ్ముడు కాకపోతే మరేమిటి? ఈ లెక్కలో రక్తం ఒకటి, పాలు ఒకటి అని విడదీసి చూడాలన్న ఆలోచన ఆ గదిలో ఇద్దరు మగవాళ్లకూ రాలేదు.

డాక్టరమ్మ చూస్తే పీరా కళ్లు అద్దంలా ఉన్నాయి. "నాకేం లేదంటగా? రేపట్నుంచి గోడల తప్పులు నేనే పడతా" అని వేళాకోళమాడాడు.

డాక్టరమ్మ ఆలోచించి, "తమ్ముడికి లేదు, తండ్రికి లేదు. వయసుదే అయ్యుండొచ్చు. ఆర్నెల్లకోసారి కనపడుండ్రి" అని రాసుకుంది. గళ్లు గీసిన కాగితం ఇచ్చి, గోడకు అతికించి రోజూ ఒక్కో కంటితో చూడమంది. గీతలు ఉన్నట్టుండి మరింత వంగినా, నల్లమచ్చ పడినా వెంటనే రమ్మంది.

ఆ శుక్రవారం జానీ బాషా గదిలో ఎన్నడూ లేనంత హుషారుగా మాట్లాడాడు. వయసు మచ్చలు, ఎవరికి రావు! ఇంట్లోంచి వచ్చింది కాదు. తండ్రిది వేరు, తనది వేరు. అన్నిటికన్నా చివర ఆ పెద్ద సంగతి చెప్పేటప్పుడు గొంతు కూడా తగ్గించలేదు.

కానీ చూపు మాత్రం దాని పని అది చేసుకుపోయింది. రెండేళ్లలో అతను గోడల్ని వేళ్లతో చూడటం నేర్చుకున్నాడు. మనుషుల్ని నడకను బట్టీ గొంతును బట్టీ పోల్చుకున్నాడు. ఒకనాడు కంపెనీ మేనేజరు ముదీర్ ఎదురుగా వస్తే, ఆయన ముఖం మీద ఎవరో తడిగుడ్డతో తుడిచినట్టు కనిపించింది. ఆయన చెవి వైపు చూశాడు. ముఖం పక్కనుంచి మెల్లగా తేలివచ్చింది. అప్పుడు తెలిసింది తను ఏం చేస్తున్నాడో. అది తండ్రి చూపు. ఆ రోజు నుంచి మనుషుల్ని నేరుగా చూడటానికి మొండిగా ప్రయత్నించేవాడు. నేరుగా చూస్తే ముఖాలు ఉండేవి కావు.

రెండువేల ఏడు జనవరిలో చెల్లెల్ని చూడటానికి తూర్పు తీరంలోని ఖోర్ ఫక్కాన్ వెళ్లాడు. రహీమాబీ విధవరాలు. తొమ్మిదేళ్లుగా అక్కడ ఒక అరబ్బుల ఇంట్లో వంట చేస్తోంది. పీరా బండి తోలాడు. వెనక గుమ్మం దగ్గర మెట్ల మీద కూర్చోబెట్టి ఆమె టీ తెచ్చింది.

"చిక్కిపోయినావన్నా."

"నువ్వు లావైనావులే. అరబ్బులోళ్ల నెయ్యి" అన్నాడు పీరా.

"నీ నోట్లో మన్నుపడ! నీకు టీ లేదు పో" అంటూ గ్లాసు అతనికే ముందు ఇచ్చింది. తరువాత అన్నకు ఇచ్చింది. గ్లాసు అంచు ఎక్కడుందో వేలితో తడిమి, అతని చేతిని రెండో చేత్తో పట్టుకుని, అప్పుడు అందించింది. అందిస్తూ అతని భుజం మీదుగా ఎటో చూస్తోంది.

జానీ బాషా గ్లాసు కింద పెట్టాడు. "రహీమా, నా మొహం చూసి మాట్లాడు."

"చూస్తానే ఉండా గదా."

"యాడ చూస్తా ఉండావు? నా చెవిలో ఏమన్నా రాసుండాదా?"

పీరా టీ తాగడం ఆపాడు.

"ఎన్నాళ్లనుంచి?"

"ఏం లేదన్నా. నిద్ర చాలక."

"రహీమా."

"మూడేళ్లు" అంది చివరికి. "తలుపు చట్రం వంగినట్టుంటాది. బియ్యంలో రాళ్లు కనపడవు. నేను మామా అని పిలిచే ఇంటామె మొహం పగలు తెలస్తాది, దీపాలేస్తే తెలీదు."

"మూడేళ్లా! అన్న ఉండాడు, చెప్పాలని లేదా?"

"చెప్తే?" అందామె. "చెప్తే నన్ను యాడ కడతావన్నా?"

జానీ బాషా గ్లాసు పక్కకు జరిపాడు. తను ఇరవై ఆరుగురికి అన్నం పెట్టిన మనిషి. సొంత చెల్లెలు కళ్లు పోతున్నా నోరు విప్పకుండా తనకు భయపడి బతికింది.

"నాకూ ఉండాది" అన్నాడు. ఆ మాట అతను పైకి అనడం అదే మొదలు.

తరువాతి వారం యజమానురాలిని బతిమాలి ఆమెను దుబాయ్ తీసుకొచ్చారు. డాక్టర్ షహర్బాను రహీమాబీకి అవే చుక్కలు వేసి, అవే ఫోటోలు తీయించింది. ఇద్దరి బొమ్మలూ పక్కపక్కన పెట్టింది. అతనిది రెక్కలు విప్పిన సీతాకోకచిలుక. ఆమెది ముడులు వేసిన వల.

"ఇద్దరిదీ వేరే వేరేగా ఉంది గదమ్మా" అన్నాడు జానీ బాషా, ఇంకా ఏదో ఆశతో.

"జబ్బు ఒక్కటే చాచా. ఒకే ఇంట్ల కూడా ముగ్గు వేరే తీరుగ పడుతది. ఇద్దరికి వచ్చిందంటే ఇది ఇంట్లదే." ఆమె పాత కాగితాలు తిప్పింది. "కానీ మీ తమ్ముడి కండ్లు చూసిన గద నేను! మంచిగుండె."

"పీరా మా అమ్మ పాలు తాగినోడమ్మా. వాళ్లమ్మ పురిట్లోనే పోయింది" అంది రహీమాబీ.

డాక్టరమ్మ కలం కింద పెట్టి, రెండు చేతులతో నుదురు పట్టుకుంది. "యా అల్లా. చాచా, పాలతో ఇది రాదు. రక్తంతోనే వస్తది. రెండేండ్లు నేను తప్పు తొవ్వల పోయిన."

"తమ్ముడున్నాడా అంటే చెప్పినా. నేను అబద్ధమాడలా."

"ఆడలేదు. నేనే ఇంకొక మాట అడగాల్సింది." ఆమె తెల్లకాగితం తీసుకుంది. మగవాళ్లకు చదరాలు, ఆడవాళ్లకు గుండ్రాలు గీసింది. జానీ బాషా చదరాన్నీ రహీమాబీ గుండ్రాన్నీ నల్లగా నింపింది. పైన తల్లి గుండ్రం, తండ్రి చదరం ఖాళీగా ఉన్నాయి. "ఇది తల్లికెల్లన్న రావాలె, తండ్రికెల్లన్న రావాలె. ఉన్నోళ్ల పిల్లల్ల ఒక్కొక్కరికి సగానికి సగం అవకాశం. మీ పిల్లలందరికీ కండ్లు చూపించాలె. చాలామందికి ఇది మెల్లగనే ఉంటది, పూర్తి గుడ్డితనం రాదు, పక్కచూపు మిగులుతది. కొందరికే ముసలితనంల నడుమ చూపు పోతది. ఇప్పుడు నిజం చెప్పుండ్రి. మీ అబ్బాకు ఎట్లుండె?"

జానీ బాషా గొంతు సవరించుకున్నాడు. శుక్రవారాల్లో చెప్పినట్టే మొదలుపెట్టాడు. దూలం వంగడం, చెవి పక్కకు చూడటం, ముఖాల్లేని పచ్చబట్టల ఆడవాళ్లు. డాక్టరమ్మ చకచకా రాసుకుంటోంది.

"ఆ ఆడోళ్లు సైతాన్లు కాదు చాచా. నడుమ చూపు పోయినోళ్లకు ఆ ఖాళీల మెదడు దాని బొమ్మలు అది గీసుకుంటది. బుద్ధి మంచిగున్నోళ్లకే అట్ల కనపడతయి. నేను శానా మందిని చూసిన."

"అయితే..." అన్నాడు జానీ బాషా. అలవాటైన నోరు ఆగలేదు. "అయితే నేను దర్గాకి తీసకపోయి నయం చేయించినా గదమ్మా. నలభై దినాలు. ఆరేళ్లు మళ్లీ ఆ మాటే ఎత్తలా."

"నయం కాలేదన్నా" అంది రహీమాబీ. "చెప్పడం మానేసినాడు."



"నాకు చెప్పేవాడు" అందామె. "నువ్వు పనికి పోయినాక పరుపుల గుడిసెలో కూర్చోబెట్టి చెప్పేవాడు. ఈ దినం ఎంతమంది వచ్చినారో, యాడ కూర్చున్నారో. భయమెయ్యదా నాయనా అంటే, వాళ్లంటే భయం లేదమ్మా, జానీ వింటాడేమోనని భయం అనేవాడు."

డాక్టరమ్మ కలం ఆగిపోయింది. జానీ బాషా చేతులు మోకాళ్ల మీద ఉన్నాయి. తాపీ పట్టి కాయలు కాసిన చేతులు. ఆ రోజు తనకూ వేసిన మందు చుక్కల వల్ల అతనికి అన్నీ తెల్లగా చెదిరిపోయి కనిపిస్తున్నాయి, చేతులు కూడా.

"ఆ చదరం నింపమ్మా" అన్నాడు.

"నేను చూడని కండ్లను నింపలేను చాచా. పక్కన ప్రశ్న గుర్తు పెట్టి, మీరు చెప్పింది రాస్తా."

"ఇంకోటి కూడా రాయి. కట్టేసింది కొడుకని."

"డాక్టరు కాగితంల అది రాయరు."

"మరి యాడ రాస్తారు?" అని అడిగాడు జానీ బాషా. అతను నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. ఆమె తండ్రి చదరం పక్కన ప్రశ్న గుర్తు పెట్టింది.

ఆసుపత్రి మెట్ల మీద నిలబడి ఊరికి ఫోన్ చేశాడు. ఫర్జానాను, మిగతా పిల్లల్ని నెల్లూరు తీసుకుపోయి కంటి లోపలి ఫోటోలు తీయించమన్నాడు. ఎందుకు నాయనా అని ఆమె అడిగితే, "మీ జేజినాయనది కళ్ల జబ్బు. సైతాను కాదు. నేను నయం చేయించినానని చెప్తా వచ్చింది తప్పు" అన్నాడు. "నాయనా, నీకు ఒంట్లో బాగుండాదా?" అంది ఫర్జానా. తండ్రి నోట తప్పు అన్న మాట ఆమె ఎప్పుడూ వినలేదు.

మధ్యాహ్నం మూడింటికి ఖోర్ ఫక్కాన్ బయలుదేరారు. పీరా బండి తోలుతున్నాడు, ఒక్క వేళాకోళమూ ఆడటం లేదు. ఎడారి దాటి కొండలు మొదలయ్యాక జానీ బాషా పక్కన కూర్చున్న రహీమాబీ వైపు తిరిగాడు.

"నాయన ఏమేం చెప్పేవాడో చెప్పు."

"ఎందుకన్నా ఇప్పుడు?"

"ఆరేళ్లు నాకు చెప్పకుండా దాచుకున్నాడు. చెప్పు. అన్నీ చెప్పు."

ఆమె చున్నీ సర్దుకుంది. రాతికొండలు రెండువైపులా దగ్గరికి వస్తున్నాయి.

"ఏడుమంది వచ్చేవాళ్లంట" అంది. "ఆరుగురు గోడవార కూర్చునేవాళ్లు. ఒకామె మాత్రం దూది కుప్ప మీద కూర్చోనేదంట, అచ్చం అమ్మ మాదిరి. అప్పటికి అమ్మ పోయి రెండేళ్లు గదా. మొహం కనపడేది కాదంట. అయినా కూర్చున్న తీరు అమ్మదేననేవాడు."

"అమ్మా?"

"ఊఁ. దర్గాలో కూడా వచ్చిందంట. గొలుసు దగ్గర."

ఆమె తనంతట తానే చెప్పుకుపోయింది. జానీ బాషా తల వంచుకుని, ఏ ముఖమూ చూడనవసరం లేకుండా, వింటూ కూర్చున్నాడు.